పంపుసెట్టు బోల్టులన్నిటికీ ఒకే పానా: సురక్షితంగా బిగించే బహుళ ప్రయోజన పనిముట్టును రూపొందించే విధానం

ఒక ఉక్కు పట్టీలో నాలుగు కొలతల రంధ్రాలు చేస్తే నాలుగు పానాలు ఒకటైపోయినట్టే అనిపిస్తుంది. సంతలో, హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే చవక రకం బహుళ ప్రయోజన పానాలలో చాలా వాటి వెనుక ఉన్న ఆలోచన ఇంతే. కానీ ఏ మెకానిక్ పెట్టెలోనైనా పానాల సెట్టును వరుసగా పేర్చి చూస్తే, 10 నంబరు పానా పొట్టిగా, 19 నంబరు పానా దానికి దాదాపు రెట్టింపు పొడవుగా కనిపిస్తుంది. ఆ తేడా ఉక్కు ఆదా కోసం పెట్టింది కాదు. చిన్న బోల్టుకు పొట్టి పిడి ఇస్తే, మనిషి చేయి మామూలుగా లాగే బలంతో ఆ బోల్టు తెగేంత మెలి పడదు. నాలుగు కొలతలనూ ఒకే పొడవాటి పిడికి తగిలించిన మరుక్షణం ఆ రక్షణ పోతుంది. అందువల్ల ఇటువంటి పనిముట్టును రూపొందించేటప్పుడు ప్రధానంగా పరిష్కరించవలసిన సమస్య రంధ్రాల సంఖ్య కాదు, ఒక్కో రంధ్రానికి తగిన మీట పొడవును ఒకే పట్టీలో అమర్చడం.

ఈ మార్గదర్శిలో ఉదాహరణగా తీసుకున్నది పొలంలో లేదా బావి గట్టున ఉండే, మోటారూ పంపూ ఒకటిగా కలిసి ఉన్న మోనోబ్లాక్ పంపుసెట్టు. అందులో ఎం6 నుంచి ఎం12 వరకు, అంటే మర వ్యాసం 6 నుంచి 12 మిల్లీమీటర్ల వరకు ఉన్న బోల్టులు ఉంటాయి, మెకానిక్ పెట్టె ఎప్పుడూ దగ్గర ఉండదు, పైపును పంపుకు కలిపే పోత ఇనుప ఫ్లాంజ్ (బోల్టు రంధ్రాలున్న అంచు) ఒకసారి పగిలిందంటే కొత్తది తెచ్చుకోవలసిందే. ఇదే పద్ధతిని కొలతలు మార్చుకొని ట్రాక్టరు పరికరాలకు గానీ, స్ప్రేయరుకు గానీ అన్వయించుకోవచ్చు.

మొదటి దశ: బోల్టుల జాబితా

పనిముట్టు గీయడానికి ముందు యంత్రం చుట్టూ తిరిగి ప్రతి బోల్టునూ కొలవాలి. వెర్నియర్ కాలిపర్‌తో రెండు కొలతలు తీసుకోవాలి: బోల్టు మర బయటి వ్యాసం, నట్టు ఎదురెదురు పలకల మధ్య దూరం. పానా నంబరు అంటే ఈ రెండో కొలతే. ఎం6కు 10, ఎం8కు 13, ఎం10కు 17, ఎం12కు 19 మిల్లీమీటర్లు మన బజారులో ఎక్కువగా కనిపించే కొలతలు. అయితే కొత్త అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం తయారైన ఎం10 నట్టుకు 16, ఎం12 నట్టుకు 18 ఉంటాయి. మీ పంపు మీద రెండు రకాలూ కలిసి ఉంటే, ఒకే రంధ్రంతో సరిపెట్టుకోవాలని చూడకుండా ఆ నట్లనూ బోల్టులనూ ఒకే రకానికి మార్చుకోవడమే మంచిది. 17 నంబరు రంధ్రం 16 నంబరు నట్టు మీద ఒక మిల్లీమీటరు వదులుగా కూర్చుంటుంది, నట్టు మూలలు గుండ్రమైపోవడానికి ఆ వదులు చాలు.

తరువాత బోల్టు తల మీద ఉన్న అంకెలను చూడాలి. 4.6 అని ఉంటే మొదటి అంకెను 100తో గుణించగా వచ్చిన 400 మెగాపాస్కల్స్ దాని తెగే బలం, అందులో 0.6 వంతు, అంటే 240, అది శాశ్వతంగా సాగిపోవడం మొదలయ్యే స్థాయి. 8.8 అయితే 800, 640. పంపు ఫ్లాంజ్‌లకు, గట్టుకు బిగించే బోల్టులకు సాధారణంగా వాడేది 4.6 రకం లేదా ఏ గుర్తూ లేని మెత్తని బోల్టు. గుర్తు లేని బోల్టును 4.6 కన్నా మేలైనదిగా ఎన్నడూ లెక్కించకూడదు.

ఈ జాబితాలో కావాలని వదిలేయవలసినవి కూడా ఉన్నాయి. టెర్మినల్ పెట్టెలోని ఇత్తడి నట్లు, స్టార్టరు లోపలి స్క్రూలు ఈ పనిముట్టు పరిధిలోకి రాకూడదు. పిడికి ప్లాస్టిక్ గొట్టం తొడిగినంత మాత్రాన అది విద్యుత్ పనిముట్టు కాదు. 1000 వోల్టుల వరకు పరీక్షించి గుర్తు వేసిన పనిముట్లు వేరే ఉంటాయి. విద్యుత్ పనికి పనికిరాదని పానా ఆకారమే చెప్పేటట్టు, దీనికి స్క్రూడ్రైవరు మొన గానీ సన్నని కొక్కెం గానీ పెట్టకపోవడం మంచిది. ఉంటే ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు దాన్ని టెర్మినల్ పెట్టెలో దూరుస్తారు.

రెండో దశ: ఎంత బిగించాలి

బోల్టు పని చేసేది సాగిన స్ప్రింగులా: బిగించినప్పుడు అది అణుమాత్రం సాగుతుంది, ఆ సాగుదలే రెండు ముక్కలనూ నొక్కి పట్టి ఉంచుతుంది. మనం పెట్టే మెలిలో దాదాపు సగం నట్టు అడుగున రాపిడికి, 40 శాతం వరకు మరల మధ్య రాపిడికి పోగా, మిగిలిన 10 శాతం మాత్రమే బోల్టును సాగదీస్తుంది. అందుకే మరలకు నూనె రాయడమో, తుప్పు పట్టడమో జరిగితే లెక్కంతా మారిపోతుంది.

స్థూలంగా వాడే సూత్రం ఇది: టార్క్ (మనం పెట్టే మెలి కొలత) అంటే రాపిడిని లెక్కలోకి తీసుకునే ఒక గుణకం, బోల్టు వ్యాసం, కావలసిన బిగువు, ఈ మూడింటి లబ్ధం. పొడిగా ఉన్న మరకు గుణకం సుమారు 0.2, నూనె రాసిన మరకు 0.15 దగ్గర ఉంటుంది. 4.6 రకం బోల్టు భద్రంగా మోయగల బరువులో ముప్పావు వంతు వరకు బిగించాలనుకుంటే, పొడి మరకు వచ్చే టార్క్ ఎం6కు 4, ఎం8కు 10, ఎం10కు 20, ఎం12కు 34 న్యూటన్ మీటర్లు. అదే 8.8 రకమైతే ఈ అంకెలు ఇంచుమించు రెండున్నర రెట్లు అవుతాయి. పంపు కంపెనీ తన పుస్తకంలో వేరే అంకెలు ఇచ్చి ఉంటే వాటినే పాటించాలి.

ఎం6కూ ఎం12కూ మధ్య వ్యాసంలో తేడా రెండింతలే. టార్క్‌లో తేడా ఎనిమిదింతలకు పైగా ఉంది. చేతికి ఆ తేడా తెలియదు. ఒకే పిడి పట్టుకొని 19 నంబరు నట్టును బిగించిన చేయి, అదే ఊపుతో 10 నంబరు నట్టును బిగిస్తే బోల్టు తల చేతిలోకి వస్తుంది.

మూడో దశ: మీట పొడవులు

నిలబడి ఒక చేత్తో, శరీరం ఊగకుండా హాయిగా లాగగలిగే బలాన్ని 170 న్యూటన్లుగా, అంటే దాదాపు 17 కిలోల బరువుగా తీసుకుందాం. బలమైన మనిషి దీనికి రెట్టింపు లాగగలడు. కాని రూపకల్పనకు ఆధారం కావలసింది మామూలు లాగుడే. ఈ బలంతో కావలసిన టార్క్‌ను భాగిస్తే మీట పొడవులు వస్తాయి: ఎం12కు 200, ఎం10కు 120, ఎం8కు 60, ఎం6కు 25 మిల్లీమీటర్లు.

ఇక్కడ మీట పొడవు అంటే పట్టీ పొడవు కాదు, నట్టు మధ్య నుంచి అరచేతి మధ్య వరకు ఉన్న దూరం. చాలామంది గీసే బొమ్మల్లో ఈ తేడా మరచిపోతుంటారు. అరచేయి వెడల్పు దాదాపు 85 మిల్లీమీటర్లు కాబట్టి, పట్టుకునే చోటు మధ్య బిందువు పిడి చివర నుంచి 40 మిల్లీమీటర్ల లోపల ఉంటుంది. దాని ప్రకారం ప్రధాన పట్టీ కొలతలు ఇలా కుదురుతాయి. ఒక చివర 19 నంబరు రింగు (నట్టును చుట్టూ పట్టే మూసిన రంధ్రం), దాని కేంద్రం నుంచి పట్టు మధ్యకు 200, అక్కడి నుంచి తోక చివరకు 40, రింగు తల వెలుపలి భాగానికి 17, మొత్తం 257 మిల్లీమీటర్లు. 17 నంబరు రింగును 19 రింగుకు 80 మిల్లీమీటర్ల దూరంలో, పట్టీ మధ్యలోనే పెడితే, చేయి అదే పట్టు మీద ఉండగానే దాని మీట పొడవు సరిగ్గా 120 అవుతుంది. పట్టు మారదు, రంధ్రం మారుతుంది, టార్క్ తనంతట తానే తగ్గుతుంది.

ఎం8, ఎం6ల దగ్గర చిక్కు వస్తుంది. 60 మిల్లీమీటర్ల దూరంలో, అందులోనూ 25 మిల్లీమీటర్ల దూరంలో చేయి పట్టదు. ఈ రింగులను పట్టీ మరో చివర పెడితే మళ్ళీ పొడవాటి మీట తయారవుతుంది. దీనికి నాకు నచ్చిన పరిష్కారం వదులు కీలు. ప్రధాన పట్టీ తోక చివర 8 మిల్లీమీటర్ల పిన్నుతో ఒక చిన్న రెక్కను తగిలించాలి. పిన్ను కేంద్రం నుంచి 25 మిల్లీమీటర్ల దూరంలో 10 నంబరు రింగు, 60 మిల్లీమీటర్ల దూరంలో 13 నంబరు రింగు ఆ రెక్కలో ఉంటాయి. రెక్కను నట్టుకు తగిలించి, ప్రధాన పట్టీని దానికి లంబంగా, ఎల్ ఆకారంలో ఉంచి, పట్టీని దాని పొడవు దిశలో లాగాలి. కీలు స్వేచ్ఛగా తిరుగుతుంది కాబట్టి అది మెలిని మోయలేదు, లాగుడును మాత్రమే రెక్కకు అందిస్తుంది. పట్టీ ఎంత పొడవున్నా, చేయి దానిమీద ఎక్కడున్నా, నట్టుకు చేరే మీట పొడవు పిన్ను దూరమే: 60 లేదా 25. 170 న్యూటన్ల లాగుడుకు ఎం8 మీద 10, ఎం6 మీద 4 న్యూటన్ మీటర్లకు కాస్త అటూ ఇటూగా పడుతుంది. పొడవు పెంచడానికి కాకుండా తగ్గించడానికి కీలు వాడటం మొదట వింతగా అనిపిస్తుంది, కాని లెక్క చేసి చూస్తే ఇంతకన్నా సులభమైన టార్క్ పరిమితి దొరకదు.

ఈ కీలు విషయంలో రెండు నియమాలు తప్పకూడదు. తెరిచిన స్థితిలో రెక్క బిగుసుకొని నిలిచేటట్టు ఏ గడియా, ఏ అడ్డూ పెట్టకూడదు. పెట్టిన క్షణం అది మళ్ళీ పొడవాటి పిడి అవుతుంది. మూసిన స్థితిలో మాత్రం రెక్క పట్టు మీద ఒదిగి కూర్చునేలా స్వల్పమైన రాపిడి ఉండాలి, అందుకు పిన్ను కింద అలల ఆకారపు వాషరు, పైన నైలాన్ నట్టు వేస్తే సరిపోతుంది. రెండోది, రెక్క మూసుకునేటప్పుడు వేలి చర్మం నలగకుండా రెక్క అంచులను ప్రధాన పట్టీ అంచులకన్నా ఒక మిల్లీమీటరు లోపలికి ఉంచి గుండ్రంగా చేయాలి.

ఈ లెక్క ఒక చేతి లాగుడుకే వర్తిస్తుంది. రెండు చేతులతో వేలాడితే ఎం8 బోల్టు తెగుతుంది. పట్టు భాగాన్ని 95 మిల్లీమీటర్లకు మించి నునుపు చేయకుండా, మిగతా పట్టీని చేతికి అంత హాయిగా లేని చదునైన అంచులతో వదిలేయడం ఒక చిన్న యుక్తి. రెండో చేయి అక్కడికి వెళ్ళడానికి ఇష్టపడదు.

నాలుగో దశ: రింగు ఆకారం, కోణం, వంపు

తెరిచిన నోరున్న పానా నట్టును రెండు పలకల మీదే పట్టుకుంటుంది, ఎక్కువ బలం పెడితే నోరు విచ్చుకుంటుంది, జారితే చేయి ఎదురుగా ఉన్న ఇనుము మీద పడుతుంది. తిప్పి సరిచేసుకునే అడ్జస్టబుల్ పానాకు ఈ ఇబ్బందులతో పాటు కదిలే దవడ వదులు కూడా తోడవుతుంది. ఒకే పనిముట్టుతో అన్ని కొలతలూ పట్టాలంటే మొదట గుర్తొచ్చేది అదే అయినా, భద్రంగా బిగించడానికి అది చివరి ఎంపికగానే ఉండాలి. పంపు మీద మన జాబితాలోని నట్లన్నిటికీ పైనుంచి రింగు తొడిగే వీలుంది. అందువల్ల నాలుగు రంధ్రాలనూ మూసిన రింగులుగానే, ఆరు పలకలతో చేయాలి. పన్నెండు మూలల రింగు తిప్పడానికి సౌకర్యమే గాని, చిన్న వర్క్‌షాపులో ఆకురాయితో చేసే పనిలో ఆ మూలలు పదునుగా రావు, తుప్పు పట్టిన నట్టు మీద త్వరగా జారతాయి.

ఆరు పలకల రింగును తీసి మళ్ళీ తొడగాలంటే 60 డిగ్రీలు తిప్పగల చోటు ఉండాలి. పంపు డెలివరీ ఫ్లాంజ్ దగ్గర అంత చోటు తరచుగా ఉండదు. దీనికి ఒక తేలిక మార్గం ఉంది: రంధ్రపు పలకలను పట్టీ మధ్య గీతకు సూటిగా కాకుండా 15 డిగ్రీలు పక్కకు తిప్పి కోయాలి. అప్పుడు పానాను తిరగేసి తొడిగితే అదే రంధ్రం వ్యతిరేక దిశలో 15 డిగ్రీలు తిరిగి ఉంటుంది, అంటే 30 డిగ్రీల జరుగుడుతోనే పని సాగుతుంది.

ఇక్కడే మరో అవసరం ఎదురు నిలుస్తుంది. పంపును సిమెంటు గట్టుకు బిగించే నట్లను చదునైన పట్టీతో తిప్పితే వేళ్ళ కణుపులు గట్టుకు రాసుకొని చర్మం లేచిపోతుంది. వేళ్ళకు కనీసం 30 మిల్లీమీటర్ల ఖాళీ కావాలి. అందుకు 17 రింగు దాటిన వెంటనే పట్టీని 15 డిగ్రీలు పైకి వంచితే, అక్కడి నుంచి 110 మిల్లీమీటర్లు వెళ్ళేసరికి పిడి 30 మిల్లీమీటర్ల ఎత్తుకు చేరుతుంది. కానీ వంచిన పానాను తిరగేస్తే పిడి గట్టులోకి దిగబడుతుంది కదా, అప్పుడు తిరగేసే యుక్తి ఏమవుతుంది? యంత్రం దగ్గరకు వెళ్ళి చూస్తే ఈ వైరుధ్యం విడిపోతుంది. గట్టు నట్ల చుట్టూ తిప్పడానికి పూర్తి చోటు ఉంటుంది కాబట్టి అక్కడ తిరగేయవలసిన పని లేదు. తిరగేయవలసిన ఫ్లాంజ్ నట్ల దగ్గర పట్టీ ఫ్లాంజ్ అంచు దాటి గాలిలోకి వెళుతుంది కాబట్టి వంపు ఏ వైపు ఉన్నా అడ్డు రాదు. మీ యంత్రంలో ఇలా కుదరకపోతే వంపునో తిరగేసే సౌకర్యాన్నో వదులుకోవాలి. నేనైతే వేళ్ళను కాపాడే వంపునే ఉంచుకుంటాను.

వంపు వల్ల లాగే బలం నట్టు తలానికి కొద్దిగా పైనుంచి పడుతుంది, రింగు ఒరగడానికి చూస్తుంది. లాగేటప్పుడు రెండో చేతి బొటనవేలితో రింగు తలను నట్టు మీదకు మెల్లగా అదిమి ఉంచాలి.

రంధ్రం కొలత నట్టు కొలత కన్నా 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువ ఉండాలి. మందం విషయంలో ఎం10 నట్టు ఎత్తు దాదాపు 8, ఎం12ది 10 కాబట్టి ప్రధాన పట్టీకి 8 మిల్లీమీటర్లు, చిన్న రెక్కకు 5 మిల్లీమీటర్లు చాలు.

ఐదో దశ: బలం లెక్క, ఉక్కు ఎంపిక

రూపకర్త బలాన్ని లెక్కించవలసింది 170 న్యూటన్లకు కాదు. పిడి మీద 70 కిలోల మనిషి కాలు పెట్టి నిలబడే రోజు వస్తుందని ముందే అనుకోవాలి. అప్పుడు 200 మిల్లీమీటర్ల మీట మీద 140 న్యూటన్ మీటర్ల టార్క్ పడుతుంది. పట్టీ వెడల్పు 25, మందం 8 అయితే, వంగకుండా నిలిచే దాని నిరోధం మందాన్ని వెడల్పు వర్గంతో గుణించి 6తో భాగించగా 833 ఘన మిల్లీమీటర్లు. రింగు తల పక్కన పడే వంపు బలాన్ని దీనితో భాగిస్తే ఒత్తిడి సుమారు 150 మెగాపాస్కల్స్ వస్తుంది. మామూలు మెత్తని ఉక్కు కూడా 250 వరకు వంగకుండా నిలుస్తుంది. 17 రింగు దగ్గర రంధ్రం పోగా మిగిలే భాగం బలహీనపడకుండా అక్కడ పట్టీ వెడల్పును 32కు పెంచితే, నిరోధం 1000 దాటి, పిడి కన్నా అదే బలమైన చోటు అవుతుంది. వెడల్పు మారే చోట పదునైన మూలలు లేకుండా కనీసం 10 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో ఒంపు ఇవ్వాలి.

అయితే మెత్తని ఉక్కు ఎందుకు చాలదు? పిడి వంగడం వల్ల కాదు, రంధ్రం మూలలు అరగడం వల్ల. నట్టు మూల రంధ్రపు పలకను తాకే చోటు సన్నని గీత అంత మాత్రమే. ఆ గీత మీద ఒత్తిడి పిడిలో కన్నా ఎన్నో రెట్లు ఉంటుంది. మెత్తని ఉక్కులో కొన్నాళ్ళకే అక్కడ గుంట పడి, రంధ్రం వదులై, చివరికి నట్టునే గుండ్రంగా చేస్తుంది. అందువల్ల 0.4 శాతం కార్బన్ ఉన్న ఈఎన్8 పట్టీ తీసుకొని కాఠిన్య ప్రక్రియ చేయించాలి. పాత లారీ కమాను పట్టీ చవకగా దొరుకుతుంది, ఉక్కు కూడా మంచిదే, కాని అది ఎన్ని లక్షల సార్లు ఊగిందో, లోపల ఎక్కడ సన్నని చీలిక ఉందో బయటికి కనబడదు. చేతి పనిముట్టుకు నేను దాన్ని సూచించను.

ఆరో దశ: అట్ట నమూనా

గీసిన బొమ్మను అసలు కొలతలో ముద్రించి, మందమైన అట్టకు లేదా ప్లైవుడ్‌కు అంటించి కోసి, పంపు దగ్గరకు తీసుకెళ్ళాలి. ఈ దశను దాటవేస్తే తరువాత ఉక్కు మీద పశ్చాత్తాప పడవలసి వస్తుంది. ప్రతి నట్టు మీదా నమూనాను తొడిగి, ఎంత కోణం తిరుగుతోందో, పిడి పక్కన వేళ్ళకు 30 నుంచి 40 మిల్లీమీటర్ల ఖాళీ ఉందో లేదో, లాగినప్పుడు పానా జారితే చేయి ఎక్కడికి పోతుందో చూడాలి. చేయి ఫ్యాన్ కవరు అంచు మీదకో, బావి వైపుకో పోయేటట్టుంటే ఆ నట్టును ఏ పక్కన నిలబడి బిగించాలో అప్పుడే తేల్చుకోవాలి. చిన్న రెక్కకు ప్రత్యేకంగా మరో పరీక్ష ఉంది: 10 రింగు రెక్క మధ్యలో ఉంటుంది కాబట్టి దాని ముందు దాదాపు 45 మిల్లీమీటర్ల రెక్క మిగులుతుంది, అది పక్కనున్న గోడకు తగలకూడదు.

ఏడో దశ: తయారీ

పట్టీ వెలుపలి ఆకారాన్ని లేజర్‌తో కోయించుకోవచ్చు. హైదరాబాదులోని బాలానగర్, జీడిమెట్ల ప్రాంతాల్లోనూ, విజయవాడ ఆటోనగర్‌లోనూ విడి పనులు చేసిపెట్టే వర్క్‌షాపులకు కొదవ లేదు. ఆరు పలకల రంధ్రాలను మాత్రం వైర్‌కట్ యంత్రం (సన్నని తీగ, విద్యుత్ మెరుపులతో ఉక్కును కోసే యంత్రం) మీద చేయిస్తే కొలత ఖచ్చితంగా వస్తుంది, లేజర్ అంచు 8 మిల్లీమీటర్ల మందంలో కొద్దిగా ఏటవాలుగా రావచ్చు. చేత్తోనే చేయదలిస్తే, 17 రంధ్రానికి 16.5 డ్రిల్లు వేసి, నట్టు బొమ్మను గీసుకొని, మూడు పలకల ఆకురాయితో మూలలు తీసి, ప్రతి కాసేపటికీ కొత్త నట్టుతో సరిచూసుకుంటూ పోవాలి.

వరుస ఇలా ఉండాలి: కోత, రంధ్రాలు, అంచుల నునుపు, వేడి చేసి వంచడం, ఆ తరువాతే కాఠిన్య ప్రక్రియ. పట్టు అంచులకు కనీసం 2 మిల్లీమీటర్ల వ్యాసార్థపు గుండ్రదనం ఇవ్వాలి. ఈఎన్8ను 830 నుంచి 860 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేసి నూనెలో ముంచి, తరువాత 400 డిగ్రీల ప్రాంతంలో మళ్ళీ వేడి చేసి పెళుసుదనం తీయాలి. లక్ష్యం రాక్‌వెల్ సీ కొలతలో 38 నుంచి 42 మధ్య కాఠిన్యం. ఇది కొలిమి దగ్గర రంగు చూసి చేయదగిన పని కాదు, ఉష్ణోగ్రత నియంత్రణ ఉన్న కొలిమిలో చేయించి, కాఠిన్యం కొలిపించి తీసుకోవాలి. ఇంతకన్నా గట్టిగా ఉంటే మంచిదనుకోవడం పొరపాటు. మరీ గట్టి పానా వంగదు, ముక్కవుతుంది, ఆ ముక్క కంటికి తగలవచ్చు.

తుప్పు రాకుండా నల్లబరిచి నూనె పట్టించడం చాలు. మెరుపు కోసం క్రోమియం పూత వేయించాలనుకుంటే, పూత తొట్టిలో ఉక్కులోకి చేరే హైడ్రోజన్ వల్ల గట్టిపరచిన ఉక్కు పెళుసుబారే ప్రమాదం ఉందని గుర్తుంచుకొని, పూత వేసిన వెంటనే తగిన వేడిలో ఆరబెట్టే చోటే చేయించాలి. ప్రతి రింగు పక్కనా పంచితో రెండు అంకెలు కొట్టాలి, పానా నంబరు, దాని టార్క్: 19 పక్కన 34, 17 పక్కన 20, అలాగే మిగతావి. తాడు కట్టుకోవడానికి పట్టు దగ్గర 6 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి అవసరం. బావి గట్టున చేయి జారిన పానా నీటిలో తేలదు కదా.

ఎనిమిదో దశ: పరీక్ష

19 మిల్లీమీటర్ల ఆరు పలకల కడ్డీని బెంచీ వైస్‌లో అడ్డంగా, పక్కకు పొడుచుకు వచ్చేటట్టు బిగించి, దానికి 19 రింగు తొడిగి, పిడిని నేలకు సమాంతరంగా ఉంచాలి. కేంద్రం నుంచి 200 మిల్లీమీటర్ల దగ్గర ఒక నీళ్ళ డబ్బా వేలాడదీయాలి. డబ్బా బరువుతో కలిపి 17 కిలోలు ఉంటే టార్క్ 33 న్యూటన్ మీటర్ల పైచిలుకు అవుతుంది, అంటే మన లక్ష్యానికి సరిపోతుంది. పనిలోపనిగా ఆ డబ్బా హ్యాండిల్ ఎత్తి పట్టుకుంటే 17 కిలోల లాగుడు ఎలా ఉంటుందో చేతికి తెలుస్తుంది. పానా వాడబోయే ప్రతివారి చేతా ఇది ఒకసారి చేయించడం ఏ అంకెల పట్టిక కన్నా మేలు.

తరువాత మూడు రెట్ల బరువు, సుమారు 51 కిలోలు, ఇసుక బస్తాలతో మెల్లగా ఎక్కించి, కాసేపు ఉంచి తీయాలి. ఈ సమయంలో కళ్ళద్దాలు పెట్టుకోవాలి, బరువు కింద కాళ్ళు ఉండకూడదు. బరువు తీశాక స్కేలు ఆనించి చూస్తే పిడి కొత్తగా వంగి ఉండకూడదు, రంధ్రం కొలత మారకూడదు, మూలల్లో వెంట్రుకంత గీత కూడా కనబడకూడదు. అనుమానంగా ఉంటే కిరోసిన్‌లో ముంచి తుడిచి, ముగ్గుపిండి చల్లి చూడండి. చీలిక ఉంటే అక్కడ తడి గీత బయటపడుతుంది. అమ్మకానికి చేయదలచినవారికి ఇది చాలదు, పానాలకు ఉన్న భారతీయ ప్రమాణాల ప్రకారం గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్షించుకోవలసిందే.

వాడే పద్ధతి

మొదట కరెంటు. స్టార్టరు ఆపడం మాత్రమే చాలదు. ఆటో స్టార్టరు ఉన్న పంపు కరెంటు వచ్చిన క్షణంలో తనంతట తానే తిరుగుతుంది. రాత్రి సరఫరా వచ్చే రోజుల్లో పొలానికి వెళ్ళకుండా నీళ్ళు పారించుకోవడానికి మన దగ్గర విరివిగా వాడిన ఏర్పాటే ఇది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా మొదలైన రోజుల్లో వీటిని తీసేయమని ప్రచారం చేసినది భూగర్భ జలాల కోసమే అయినా, పానా పట్టుకున్న చేతికీ అది మేలు చేసే మాటే. ఫ్యూజు క్యారియర్లు మూడూ తీసి జేబులో వేసుకున్నాకే పంపు మీద చేయి వేయాలి. పానా తాడు నడుముకు కట్టుకోవాలి గాని మణికట్టుకు కాదు.

నట్టును మొదట వేళ్ళతో చివరి వరకు తిప్పాలి. వేళ్ళతో నాలుగైదు చుట్లు కూడా తిరగకపోతే మర పక్కదారి పట్టినట్టే, అప్పుడు పానా తీయకూడదు. ఫ్లాంజ్‌కు నాలుగు బోల్టులుంటే ఎదురెదురు మూలల వరుసలో, మూడు విడతలుగా బిగించాలి: మొదట మూడో వంతు, తరువాత మూడింట రెండు వంతులు, చివర పూర్తిగా. ఒక పక్క ముందే బిగిస్తే రబ్బరు ప్యాకింగ్ ఆ పక్క నలిగి, ఎదుటి పక్క నీరు కారుతుంది, ఆ కారుడు ఆపాలని మరింత బిగిస్తే పోత ఇనుప ఫ్లాంజ్ చెవి విరుగుతుంది. పిడిని ఎప్పుడూ తనవైపుకే లాగాలి. చోటు లేక నెట్టవలసి వస్తే పిడిని పిడికిట పట్టకుండా తెరిచిన అరచేతితో నెట్టాలి. మరలకు గ్రీజు పెట్టి ఉంటే, అదే లాగుడుకు బోల్టులో బిగువు మూడో వంతు ఎక్కువగా పడుతుంది కాబట్టి, ముందే ఆపాలి.

షాఫ్టు చుట్టూ నీరు కారకుండా తాడును నొక్కి పట్టే మూతను గ్లాండ్ అంటారు, దాని నట్లది వేరే లెక్క. గ్రాఫైట్ తాడు వేసిన గ్లాండ్ ఉన్న పంపులో వాటిని టార్క్ చూసి బిగించరు, చుక్కలు చూసి బిగిస్తారు. షాఫ్టు పక్క నుంచి నిమిషానికి కొన్ని చుక్కలు కారుతూ ఉండాలి, ఆ నీరే తాడును చల్లబరుస్తుంది. రెండు నట్లనూ ఒక్కో పలక చొప్పున సమానంగా బిగించాలి. ప్రతిసారీ పంపు ఆపి, ఫ్యూజులు తీసి బిగించి, చేతులూ పానా తీసేశాక మళ్ళీ నడిపి, కొంతసేపు చుక్కలు గమనించాలి. చుక్క పూర్తిగా ఆగిందంటే తాడు మాడుతుంది, షాఫ్టు మీద గాడి పడుతుంది. చిన్న రెక్క పొట్టి మీట అక్కరకొచ్చే చోటు ఇదే, ఎందుకంటే పొడవాటి పిడితో ఒక పలక మాత్రమే తిప్పి ఆగడం చాలామందికి చేతకాదు.

తుప్పు పట్టి కదలని నట్టు ఈ పానా పని కాదు. దానికి తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా ఉంచి, బలమైన విడి రింగు పానాతో విప్పాలి. పిడికి పైపు తొడగడం, సుత్తితో కొట్టడం చేస్తే మనం మిల్లీమీటర్లలో వేసిన లెక్కలన్నీ ఆ ఒక్క దెబ్బతో పోతాయి.

ఏడాదికి ఒకసారి, లేదా ఎవరైనా కాలు పెట్టి తొక్కారని తెలిసినప్పుడల్లా, రంధ్రాలను వెర్నియర్‌తో కొలవాలి. 19 రంధ్రం 19.4 దాటినా, మూలలో చీలిక కనిపించినా, వెల్డింగు పెట్టి బాగు చేయాలని చూడకూడదు. వెల్డింగు వేడికి అక్కడి కాఠిన్యం మారిపోతుంది. అటువంటి పానాను రంపంతో రెండు ముక్కలు చేసి పాత ఇనుములో వేయాలి, లేకపోతే ఎవరో దాన్ని తీసి మళ్ళీ వాడతారు. చిన్న రెక్క బాగుంటే పిన్ను విప్పి దాచుకోవచ్చు, కొత్త పట్టీకి అదే సరిపోతుంది.